ఆమేన్ అనని జానమ్మక్క

జానమ్మక్కకు ప్రార్థన మొదలుపెట్టుడు వచ్చు, ఆపుడు రాదు.

నడిపించుడు వచ్చు, ఏడ్పించుడు వచ్చు, నిద్రపుచ్చుడు గూడ వచ్చు. ఆమేన్ అనుడొక్కటే రాదు. మా మిషను దవాఖానల ఆమె కండ్లు మూసి "పరలోకమందున్న మా తండ్రీ" అన్నదంటే, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినోళ్ళు ఆ పాల మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఒకపారి ఒక రైతు మెడ మీద ఇంత లావు సెగగడ్డతోటి వచ్చిండు. డాక్టరమ్మ కత్తి కాగబెట్టి చేతిల పట్టుకున్నది. "కోసే ముందల చిన్న ప్రార్థన" అన్నది జానమ్మక్క. ఆదాము కాడ ఎత్తుకున్నది. నోవహు ఓడ ఎక్కేసరికి రైతు మూలుగుడు ఆపిండు. మోషే సముద్రం దాటేసరికి గడ్డ దానంతటదే పగిలింది. ఆయన లేచి జానమ్మక్క కాళ్ళు మొక్కి ఇంటికి పోయిండు. డాక్టరమ్మ మాత్రం కత్తి పట్టుకొని అట్లనే నిలబడ్డది.

జానమ్మక్కది దవాఖానల బైబిలమ్మ కొలువు. రోగుల మంచాల కాడ కూసోని వాక్యం చదువుడు, ప్రార్థన చేసుడు, అదే పని. ఎండిన జొన్నదంటు లెక్క పొడుగ్గ, సన్నగ ఉండేది. గొంతు మాత్రం డప్పే. రోగి కోసం మొదలుపెడితే రోగి ఇంటోళ్ళ కోసం, వాళ్ళ ఎడ్ల కోసం, వాళ్ళను తెచ్చిన బండి ఇరుసు కోసం, జడ్చర్ల కాడ ఆగే రైలు కోసం, ఆఖరికి నైజాం రాజు గారి పంటి నొప్పి కోసం గూడ చేసేది. రాజు గారికి పంటి నొప్పి ఉన్నదని ఆమెకెవలు చెప్పిండ్రో నాకు తెల్వది.

మర్రిగూడ దిక్కు నీళ్ళు తాగి మోకాళ్ళు బిగుసుకపోయినోళ్ళు మా కాడికి మస్తు వచ్చేటోళ్ళు. "మోకరించుడు మాతోని కాదమ్మా" అనేటోళ్ళు.

"మీరు కూసోండ్రి. మీ వంతు గూడ నేనే మోకరిస్త" అనేది.

గట్ల అందరి వంతులు కలుపుకుంటె ఎంతసేపయితది? మీరే అనుకోండ్రి.

ఇప్పుడు నవ్వుకుంట చెప్తున్న గని, ఆ దినాలల్ల నాకు నవ్వు రాలె. ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తె ఇంకో గదిలకు జారుకునేదాన్ని. ఎందుకంటె ఆ దవాఖానల నేను దొంగ లెక్క బతుకుతున్న.

నేను గొల్లోళ్ళ పిల్లను. నా పేరు గోపమ్మ. గత్తర, గదే కలరా, వచ్చిన ఏడు మా ఇంటాయన పోయిండు. ఏడ్చిన కండ్లు ఆరకముందే మా మరిది బీరప్ప వచ్చి గడప కాడ నిలబడ్డడు.

"వదినా, గడిల దొరసానికి చేతికింద మనిషి కావాల్నట. దొర నిన్ను పంపుమన్నడు."

"నేను పోను బీరప్పా."

"దొర అడిగిండా, చెప్పిండా? చెప్పిండు."

గడి అంటే కోట లెక్క ఉండే దొర ఇల్లు. దాంట్ల చేతికింద పని అంటే ఏందో మా దిక్కు ఆడోళ్ళకు విడమరిచి చెప్పే పనిలేదు. వయసుల ఉన్న ఆడిది ఆ గడప దాటి లోపటికి పోయినంక మల్ల తన ఇంటికి తాను వచ్చుడు నేను చూడలె. తెల్లారంగనే మందతోటి పోతున్న మా మేనమామ ఎంబడి, గొర్ల నడుమ గొర్రె లెక్క తల వంచుకొని, మిషను దవాఖాన దాక నడిచిన.

దవాఖాన అరుగుల మీద గూడ రోగులే. పనోళ్ళు సగం మంది గత్తరకు భయపడి పారిపోయిండ్రు. డాక్టరమ్మ నన్ను చూసి పేరు గూడ అడగలె. బకెటు చేతికిచ్చింది. నేను కడుగుడు మొదలుపెట్టిన.

గత్తర తగ్గినంక నాకు అసలు గత్తర సురువయ్యింది. గా మిషనుకు ఒక కాయిదా ఉండె. దవాఖానల కొలువు చేసేటోళ్ళు సంఘంల కలిసినోళ్ళే కావాలె, బాప్తిస్మం తీసుకున్నోళ్ళే కావాలె. నేను తీసుకోలె. నా నడుముకు చిన్న గుడ్డల మల్లన్న బండారి, గదే పసుపు, మూటగట్టి ఉండె. మా ఇంటాయన కట్టింది. అది విప్పుదామనుకుంటె మనసు రాలె.

కొలువు పోతే? బయట గడి ఉన్నది. దొర పెండ్లానికి కష్టమైన కాన్పు చేసి తల్లిని, పిల్లను బతికిచ్చింది మా డాక్టరమ్మ. అందుకని డాక్టరమ్మ కాడి పనిమనిషి మీద దొర చెయ్యెయ్యడు. పనిమనిషి కాకపోతే మాత్రం నేను మల్ల దొర ఊరి మనిషినే.

ఒకనాడు పొద్దున డాక్టరమ్మ నా ముందల వచ్చి ఆగింది. ఆమె తెల్లదొరల మనిషి, తెలుగు బైబిలు చదివి నేర్చుకున్నది. పాలాయనతోటి గూడ "నీవు పాలయందు నీళ్ళు ఏల కలిపితివి?" అని అడిగేది.

"గోపమ్మా, నీవు ఏ సంఘమునందు బాప్తిస్మము పొందితివి?"

ఉన్నది చెప్తె గడి. లేనిది చెప్తె మల్లన్న ఊకుంటడా?

"డాక్టరమ్మా!" ఎనుక నుంచి డప్పు మోగింది. "ఆత్మ నన్ను తొందర పెడుతున్నది! ప్రార్థన చేద్దాం!"

"జానమ్మా, ఒక నిమిషము..."

"పరలోకమందున్న మా తండ్రీ!"

ఇగ అయిపోయింది. అందరం కండ్లు మూసినం. ఆమె ఆపేసరికి రోగుల వరుస గేటు దాటి సడక్ మీదికి పోయింది. కండ్లు మూసినప్పుడు లేని కంపౌండరు సైదులు మందుల కాడ నిలబడి చెమట తుడుసుకుంటుండె. డాక్టరమ్మ ఉరికింది. నా బాప్తిస్మం సంగతి గాలిల కలిసింది.

'సామీ, గీ ముసల్ది తెల్వకనే నన్ను గట్టెక్కిచ్చింది' అని మల్లన్నకు మొక్కిన.

ఇంకో దినం మిషను గుడిల, బాప్తిస్మమైనోళ్ళకే ఇచ్చే ప్రభువు రొట్టె పంచుతుంటె, సంఘ పెద్ద భిక్షం నా దిక్కు చూసి "గోపమ్మ ఎన్నడు రొట్టె తీసుకోదేంది?" అన్నడు. జానమ్మక్క వెంటనే ఆ రొట్టె కోసం, గోధుమ పండించిన రైతు కోసం, పిండి ఇసిరిన ఆడోళ్ళ రెక్కల కోసం ప్రార్థన ఎత్తుకున్నది. ముందు వరుసల ముసలాయన గురక పెట్టిండు. అందరు నవ్విండ్రు. భిక్షం అడిగింది ఎవలకు యాదికి లేకుంటయ్యింది.

అయినా నాకు ఆమెనంటేనే ఎక్కువ భయం. అంత దేవుని పిచ్చి ఉన్న మనిషికి నా సంగతి తెలిస్తె ఊకుంటదా? పైంగ ఆ భయం ఒక దిక్కు నుంచి గాదు. దవాఖానోళ్ళకు నేను కలవలేదని తెలుస్తదని భయం. మా కులపోళ్ళేమో 'గోపమ్మ కిరస్తానంల కలిసింది, తప్పు వెయ్యాలె, దండుగ కట్టియ్యాలె' అంటున్నరట. అక్కడ కలవనిదాన్ని, ఇక్కడ కలిసినదాన్ని. నేను ఏదో నాకే సమజ్ కాకపోయేది. బువ్వ గూడ బాయి ఎనుక ఒక్కదాన్నే వండుకొని తినేదాన్ని.

ఒకనాడు గుడ్డలు ఉతికే కాడ వంగితే, నడుము మూట జారి కింద పడ్డది. ముడి ఊడి పసుపంత బండ మీద పోసింది. తలెత్తి చూస్తె తలుపుల జానమ్మక్క.

నేను కొంగుతోటి పసుపు కప్పబోయిన.

ఆమె బండ దిక్కు చూసింది. నా దిక్కు చూసింది. చెంబుతోటి నీళ్ళు తీసి బండ మీద పోసి కాలుతోటి రుద్దింది. ఉన్నకాడికి ఉన్న మూట నా చేతిల పెట్టి, "కూరల పసుపు జర పైలంగ పెట్టుకోవాలెనే" అని పోయింది.

గుడ్డలు ఉతికే కాడ కూర ఏడిది? ఆనాటి నుంచి నాకు ఒక్కటే రంది. చెప్తదా? ఎవలకు చెప్తది? ఎన్నడు చెప్తది? ఆమె నోరు తెరిస్తె చాలు, నాకు గడి తలుపు తెరిచినట్టు వినిపించేది.

గప్పుడు లేచింది భిక్షం సంగతి. ఆయన చెడ్డోడు గాదు. చెప్పులు కుట్టుకుంట బిడ్డ నర్సింగమ్మను బోర్డింగుల చదివిచ్చిండు. చదువైనంక ఆ పిల్ల ఇంట్ల ఖాళీగ కూసున్నది. 'మనోళ్ళు ఖాళీగుంటె బయటోళ్ళకు కొలువులా?' అని ఆయన మిషను పెద్ద ఆఫీసుల అడిగిండు. అక్కడి మేనేజరు గారు జడ్చర్లల రైలు దిగి, బస్సెక్కి, దుమ్ము కొట్టుకపోయి మా దవాఖానకు వచ్చిండు. కోస్తా మనిషి.

పనోళ్ళనందర్ని గుడిల కూసోబెట్టిండ్రు. నేను కిటికీ కాడ కూసున్న. కిటికీల నుంచి చూస్తె గేటు బయట గూడు కట్టిన కచ్చురం బండి. బీరప్ప ఎడ్లను పట్టుకొని నిలబడ్డడు. పక్కన గడి మనిషి, చేతిల కట్టె. నన్ను ఈ దినం తీసేస్తరని వాళ్ళకెవలు చెప్పిండ్రో! కొంగు తల మీదికి గుంజుకొని ముడుసుకున్న. పక్కన కూసున్నామె "జొరమొచ్చిందా?" అని నా నుదురు పట్టి చూసింది.

మేనేజరు గారు లేచి గొంతు సవరించుకున్నడు. "ఇక్కడ ఎవరెవరు సంఘ సభ్యులో, ఎవరు కారో ఇవాళ తేలిపోవాలండీ. కానివాళ్ళని పనిలోంచి తీసేయాలి. అదీ సంగతి. ముందుగా..."

"ముందుగాల ప్రార్థన!" అన్నది జానమ్మక్క.

"చేద్దామమ్మా, క్లుప్తంగా."

కోస్తాయన గద, పాపం తెల్వది.

ఆ దినం ఆమె చేసినంత ప్రార్థన ఎన్నడు చెయ్యలె. రాజుల పేర్లన్ని చదివింది. ప్రవక్తలను పెద్దోళ్ళను వదలలె, చిన్నోళ్ళను వదలలె. మేనేజరు గారి రైలు ప్రయాణం కోసం, ఆయన టోపీ కోసం చేసింది. ఆయన గడియారం తీసి చూసుకున్నడు, దగ్గిండు, గడియారం చెవికాడ పెట్టుకొని నడుస్తున్నదా లేదా విన్నడు. బయట ఎడ్లు అరుస్తున్నయి. నేను కండ్లు మూసుకొని, 'మల్లన్నా, గీమె దేవునికి జర ఓపిక ఇయ్యి' అని మొక్కుతున్న.

"ఆమేన్!" అని పెద్దగ అరిచిండు మేనేజరు గారు.

గుడి అంత ఉలిక్కిపడ్డది. జానమ్మక్క ప్రార్థనకు వేరేటోళ్ళు ఆమేన్ చెప్పుడు ఎన్నడు లేదు. ఆమె కండ్లు తెరిచి సీదా నా దిక్కు చూసింది. ఆ కండ్లల్ల భయం! నాకన్న ఎక్కువ భయం. నాకు ఒక్కపారే సమజైంది. గీమెకు ఎరికె. మొదటి నుంచి అంత ఎరికె.

"గోపమ్మ ఎవరమ్మా?" అన్నడు మేనేజరు గారు. "నువ్వు బాప్తిస్మం తీసుకున్నావా?"

మల్ల ప్రార్థన మొదలయితదేమోనని చూసిన. కాలె. ఇగ లేచి నిలబడ్డ.

"లేదయ్యా. నేను మల్లన్న బిడ్డను. ఎవలడిగినా నా నోటికి మాట వచ్చేది గాదు. ఇప్పుడు చెప్తున్న."

భిక్షం లేచిండు.

"అయ్యా, గోపమ్మ మీద నాకు పగ లేదు. పని మంచిగ చేస్తది. గని నా బిడ్డకు దొర గడిల కొలువిస్తడా? సర్కారు కచేరిల ఇస్తరా? గీమె ఊర్లె ఏ బాయి కాడికన్న పోయి నీళ్ళు చేదుకుంటది. నా బిడ్డను చేద ముట్టనియ్యరు. మాకున్నది గీ ఒక్క జాగ. గిక్కడ గూడ మాకు లేకుంటె మేమెక్కడికి పోవాలె?"

దాంట్ల అబద్ధం లేదు. మా ఊర్ల బాయి కాడ నేను గూడ వాళ్ళను ముట్టనిచ్చినదాన్ని గాదు. తల వంచుకున్న.

జానమ్మక్క లేచింది. ప్రార్థన లేకుంట ఆమె మాట్లాడుడు నేను అప్పుడే విన్న.

"భిక్షం అన్నది నిజం. గని బయట బండి చూడుండ్రి. గీ పిల్లను తీసేస్తె ఆ బండి ఎక్కిస్తరు. అది యాడికి పోతదో మనకందరికి ఎరికె. వాక్యం చెప్పేటోళ్ళు మనోళ్ళే ఉండాలె, కాదనను. బకెటు కడిగేదానికి ఏ దేవుడయితేంది?"

"బకెటు కడిగే కొలువే గద అక్కా మనకు దొరికేది!" అన్నడు భిక్షం. "వాక్యం చెప్పే కొలువు ఎంతమందికొస్తది?"

"నీ బిడ్డకొస్తది. నాది ఇస్త."

"ఏందక్కా?"

"నా బైబిలమ్మ కొలువు నర్సింగమ్మకు ఇయ్యండ్రి. నాకన్న మంచిగ చదువుతది. నాకు అక్షరాలు మసకైనయి."

మేనేజరు గారు నుదురు రుద్దుకున్నడు. "నర్సింగమ్మా? అది మన పేరేనా అసలు?"

"యాదగిరిగుట్ట మొక్కుకు పుట్టింది, అటెన్క సంఘంల కలిసినం" అన్నడు భిక్షం, గొంతు తగ్గించి.

"నా పేరు జానపాడు దర్గా మొక్కుకు పెట్టింది" అన్నది జానమ్మక్క. "పేర్లు చూసుకుంట పోతే సంఘంల మీరొక్కరే మిగుల్తరయ్యా."

"అది సరేనమ్మా, జీతం లేకుండా మీరేం చేస్తారు?"

"ఏముంది? ఇన్ని దినాలు గంట కొడితె పనిల దిగాల్సొచ్చేది. ఇగ గంట లేదు గద, పొద్దందాక ప్రార్థన చేసుకుంట. గీ మాట మీదనే జర అందరు మోకరించుండ్రి. పరలోకమం..."

"వద్దు! వద్దమ్మా!" మేనేజరు గారు రెండు చేతులు అడ్డం పెట్టిండు. "ఆ అమ్మాయికి మీ ఉద్యోగం, ఈవిడ బకెట్టు ఈవిడకే. డాక్టరమ్మగారూ, మీరేమంటారు?"

"అది మంచిదని నేను చూచితిని" అన్నది డాక్టరమ్మ.

భిక్షం జానమ్మక్క కాడికి వచ్చి చేతులు జోడిచ్చి పోయిండు.

నాకు మాత్రం గేటు కాడికి పోనీకి ధైర్యం రాలె. జానమ్మక్కనే పోయింది. నేను కిటికీ ఎనుక దాక్కొని విన్న.

"గోపమ్మను పంపుతున్నరా?" అన్నడు గడి మనిషి, కట్టె నేలకు కొట్టుకుంట.

"లేదు బిడ్డా. దవాఖాన మనిషి, దవాఖానలనే ఉంటది. మీరు గింత దూరమొచ్చిండ్రు, ఉత్తగ పోవద్దు. మీ ఇద్దరి కోసం, మీ దొర కోసం, గీ ఎడ్ల కోసం ప్రార్థన చేస్త. కూసోండ్రి."

గడి మనిషికి ఆమె సంగతి తెల్వది. బీరప్పకు తెలుసు, ఎన్నడో కాలు విరిగి మా దవాఖానల పడి ఉన్నడు. "కూసోకు, కూసోకు! బండెక్కు!" అని ఎడ్ల తోకలు మెలిపెట్టిండు. దుమ్ము లేచింది. అది సద్దుమణిగేదాక నేను కిటికీ ఊచలు వదల్లె.

పొద్దు గూకకముందే జానమ్మక్క ఒక రేకు పెట్టె నెత్తిన పెట్టుకొని నా గది ముందల నిలబడ్డది. కొలువుతోటి పాటు బైబిలమ్మకిచ్చే ఇల్లు గూడ నర్సింగమ్మకే పోయింది.

"జాగ ఉన్నదా గోపమ్మా?"

"రా అక్కా" అన్న. అన్నంక కొత్త భయం పట్టుకున్నది. దవాఖానలనే గట్ల ఉంటె, ఒక్క గదిల ఎట్లుంటది? పొద్దున ప్రార్థన, పగటీలి ప్రార్థన, నీళ్ళు పోసుకునే ముందల ప్రార్థన. ఇగ నేను తినేదెప్పుడు, పండేదెప్పుడు?

ఆ దినం పొద్దటి నుంచి ఇద్దరం ఏం తినలె. జొన్నరొట్టెలు కొట్టిన, పప్పుచారు కాచిన. రెండు గిన్నెలు ఒక్కకాడనే పెట్టిన.

ఆమె గిన్నెల దిక్కు చూసింది. "మీ కులపోళ్ళకు తెలిస్తె తప్పు వేస్తరేమోనే?"

"కలిసిన్నని ఎప్పుడో అనుకున్నరు. కలవకముందే వేస్తున్న తప్పు, కలిసి తిన్నంక వెయ్యనియ్యి."

ఆమె కూసున్నది. నేను కండ్లు గట్టిగ మూసుకున్న. కడుపును ఓపిక పట్టమని చెప్పుకున్న. ఆదాము కాడి నుంచి మొదలుపెడితే పప్పుచారు మీద మీగడ కడతది.

"తండ్రీ, బువ్వ పెట్టినవు. దండం. ఆమేన్."

కండ్లు తెరిస్తె ఆమె నోట్ల రొట్టె ఉన్నది.

"అక్కా!"

"ఏందే?"

"గంతేనా?"

"మల్లేంది? ఆయనకు అన్ని ఎరికే గద. ఆయనకు గంత పొడుగు చెప్పాల్నా?"

"మరి దవాఖానల...?"

"గక్కడ ఆయన కోసమా చేసేది?" ఆమె ఇంకో తునక తుంపింది. "కంపౌండరు సైదులుకు పొద్దున మెలకువ రాదు. వాడు ఉరికొచ్చేదాక డాక్టరమ్మ కండ్లు ఎవలో ఒకలు మూపియ్యాలె గద! నీ సంగతి సరేసరి. నీ కోసం మోకరించి మోకరించి నా మోకాళ్ళు అరిగినయి పో."

నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండు కలిసి ముక్కుల నుంచి నీళ్ళొచ్చినయి.

"ఇగ మూతి తుడుసుకోని తినవే" అన్నది జానమ్మక్క. "చల్లారితె ఏం బాగుంటది?"